ఏలీయా చేతి పెట్టెలు

పోర్ట్ బ్లెయిర్‌లో ఏలీయా ఎక్కడని అడిగితే ఎవరైనా ముందు పైకి చూస్తారు. మనిషి నేల మీద దొరకడం అరుదు. ఎవరిదో ఒక మేడ మీద ఇనప పైపును కావిలించుకుని ఉంటాడు. గోల్ ఘర్‌లో గురునాథం నడిపే చిన్న ఇంటర్నెట్ కంపెనీకి ఏలీయానే ఇంజనీరు, ఏలీయానే కూలీ. సముద్రం అడుగున కేబుల్ ఇంకా పడని రోజులవి. బయటి ప్రపంచం ఉపగ్రహం మీంచి చుక్కలు చుక్కలుగా దిగేది. ఆ చుక్కలనే ఒక మేడ మీంచి ఇంకో మేడకు పంచడానికి రేడియో పెట్టెలు కావాలి.

ఆ పెట్టెల దగ్గరే ఇద్దరికీ పేచీ. కంపెనీవి కొందామంటాడు గురునాథం. మనమే చేసుకుందామంటాడు ఏలీయా. చెన్నై నుంచి లోపలి బోర్డు ఒక్కటీ తెప్పించి, దాన్ని కరెంటు పనివాళ్ళు వాడే ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, సందుల్లో పడవలకు పూసే జిగురు పూసి, పాత టీవీ డిష్‌కు తగిలిస్తాడు. కొన్నవి ఉప్పుగాలికి చచ్చిపోతే వాటిని ఓడలో పంపి, మళ్ళీ ఓడలో వచ్చేదాకా కళ్ళు కాయలు కాచేలా చూడాలని ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన చేసినవి మాత్రం అమృతం తాగి పుట్టాయా ఏమిటి.

"కొన్నది దాని పని అది చూసుకుంటాది భాయ్. నువ్వు చేసింది రోజూ నిన్నే పిలుస్తాది" అనేవాడు గురునాథం.

పిలిస్తే ఏలీయాకు సంతోషమే. ఈమధ్య ఆదివారాలు కూడా పిలుస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఆదివారం ఎక్కడికైనా పారిపోవాలని ఆయనే ఆ పిలుపు కోసం చూస్తున్నాడు.

చాతం వంతెనకు ఎగువన గట్టు మీద పాత తెలుగు క్రైస్తవ మందిరం ఉంది. ఏలీయా తండ్రి జ్ఞానయ్య స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సిక్కోలు వైపు నుంచి వచ్చి, చాతం రంపపు మిల్లులో కుదురుకున్నవాడు. ఆ మందిరంలో మూడో వరస బల్ల ఆయన పడౌక్ చెక్కతో చేసి ఇచ్చిందే. తల్లి చిన్నప్పుడే పోతే ఏలీయాను పెంచింది అక్క మేరి. బల్ల మీద కూర్చుంటే పిల్లవాడి కాళ్ళు నేలకు అందేవి కావు. ప్రసంగం సాగేకొద్దీ ఊపడం మొదలుపెట్టేవాడు. అక్క అటు చూడకుండానే వాడి మోకాలి మీద అరచెయ్యి వేసేది. కాళ్ళు ఆగిపోయేవి. ఏలీయా జుట్టు నెరిశాక కూడా ప్రసంగం మధ్యలో ఆ చెయ్యి వచ్చి మోకాలి మీద పడేది.

మేరి మెట్టినిల్లు నీళ్ళకు అవతల, బాంబూఫ్లాట్‌లో. ప్రతి ఆదివారం ఫెర్రీ ఎక్కి వచ్చేది. రెండేళ్ళ కిందట జెట్టీ మెట్ల మీద జారి నడుము విరిగింది. అప్పటినుంచి మంచమే. ఎత్తి తీసుకెళదామంటే ఒప్పుకోదు.

"బియ్యం మూటలాగ మోయించుకుని దేవుడి దగ్గరికి రాను. నాకూ ఇజ్జత్ ఉంది" అంది.

అక్క లేని బల్ల మీద ఏలీయా ఒక్కడూ కూర్చోలేకపోయాడు. ఒకటి రెండు వారాలు ప్రయత్నించాడు కూడా. ఆ తరవాతే ఆదివారం రిపేర్లు ఎక్కువయ్యాయి.

ఇంతలో పాత మందిరం పడగొట్టి కాంక్రీటుది కట్టాలని సంఘం నిర్ణయించింది. చివరి ఆరాధన ఫలానా ఆదివారమని తెలిసి మేరి ఫోన్ చేసింది.

"ఒరే ఏలీ, ఆకరి ఆరాదన నాకు చూపించగలవా? మన బల్ల చూడాలని ఉందిరా."

అక్క ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి. గురునాథం మంచివాడు. సంగతి వినగానే కంపెనీ పెట్టెల జత ఒకటి చెన్నైలో ఆర్డరిచ్చాడు. తుపాను మూలంగా ఓడ అక్కడే ఆగిపోయింది. ఏలీయా పైకి విచారపడ్డాడు గానీ లోపల పండగే. అక్కకు చూపించేది తన చేతి పెట్టే కావాలి మరి.

ఒక డిష్ మందిరం పైకప్పు మీద, లోపల బల్లలకు ఎదురుగా ఒక కెమెరా. ఇంకో డిష్ మేరి ఇంటి మీద, ఆమె మంచం పక్కన కంప్యూటరు. మధ్యన సముద్రపు పాయ. గురువారం సాయంత్రం పని ముగించి పరీక్షించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. తన బల్ల చూసి మేరి ఫోన్‌లో నవ్వింది. ఆ నవ్వు విని ఏలీయా పొంగిపోయి, నీళ్ళ వైపు చూడడం మరిచాడు. అప్పుడు ఆటు. నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. ద్వీపంలో పుట్టి, పోటు చూడకుండా పడవ కట్టని మనుషుల మధ్య పెరిగినవాడు ఆ ఒక్క సంగతీ మరిచిపోయాడు.

ఆదివారం మొదటి కీర్తనకే అవతల బొమ్మ నిలిచిపోయింది. ఏలీయా నిచ్చెన ఎక్కాడు. డబ్బా పక్కన సిగ్నల్ ఎంతుందో చూపే దీపాల్లో ఒక్కటే మినుకుమంటోంది. కిందికి చూడగానే అర్థమైంది. పోటు ఎక్కుతోంది. సూటిగా వెళ్ళే రేడియో తరంగానికి తోడు నీళ్ళ మీద పడి లేచే తరంగం ఇంకోటి ఉంటుంది. నీటిమట్టం మారితే రెండోది వెళ్ళి మొదటిదాన్ని మింగేస్తుంది. క్లాంపు వదులు చేసి డిష్‌ను జానెడు కిందికి జరిపాడు. దీపాలన్నీ వెలిగాయి. బిగించబోయేలోగా మళ్ళీ ఆరాయి. నీళ్ళు పెరిగేకొద్దీ జరుపుతూనే ఉండాలి.

కింద గురునాథం నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆయనది ఆ మతం కాదు, స్నేహం కొద్దీ వచ్చాడు.

"దిగు భాయ్, నీ చోట్లో పోయి కూకో. నేనెక్కి పట్టుకుంటాను."

"నీకు తెలీదు భయ్యా. ఇది నా చేతికే వింటాది" అన్నాడు ఏలీయా. అన్నప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

రేకుల కింద కీర్తనలు పాడారు, ప్రసంగం అయింది, ముసలివాళ్ళు ఏడ్చారు. పైన ఎండలో ఏలీయా డిష్‌ను కౌగిట్లో పట్టుకుని, దీపాల మీంచి చూపు తిప్పకుండా అన్నీ విన్నాడు. దీవెన అయ్యాక గాని చేతులు వదలలేదు. వెంటనే ఫోన్ మోగింది.

"అందరూ కనపడ్డారురా" అంది మేరి. "పాస్టరు గారు, ఎలీసబెతు, అందరూ. మన బల్ల కూడా."

"ఆగలేదు కదక్కా?"

"ఆగలేదు. నువ్వేవయ్యావురా? ఆరాదనంతా నిన్నే ఎతుక్కున్నాను. మన చోటు అలగే ఖాళీగా ఉండిపోయింది."

"నేను పైనున్నానక్కా. పట్టుకోకపోతే బొమ్మ రాదు."



"నాకు మందిరం ఏటికిరా" అంది మేరి. "నువ్వు ఆ బల్ల మీద కూకుంటే ఒక్కపాలి చూద్దావని అడిగాను."

ఏలీయా కిందికి దిగి వచ్చేసరికి జనం బయట చెట్ల కింద టీ తాగుతున్నారు. లోపల ఎవరూ లేరు. మూడో వరసలో తన చోట కూర్చున్నాడు. కాసేపటికి చిన్నప్పటిలాగే మోకాలు ఊగడం మొదలుపెట్టింది. పక్కన అక్క చోటు ఖాళీగా ఉంది. మోకాలు దానంతట అది ఆగలేదు.

ఎదురుగా కెమెరా దీపం ఇంకా వెలుగుతోంది. ఆయన దానికేసి చూస్తూ కూర్చున్నాడు. పైన డిష్ పట్టుకునేవాడు లేడు గనక ఆ బొమ్మ బాంబూఫ్లాట్ చేరదు.