పిక్కిలి బావిలో చేపలు

తమిళనాడులో ధర్మపురి జిల్లా పిక్కిలిలో జీపు దిగేసరికి ఉదయం ఏడు గంటలు. ఎర్రమట్టి, రాళ్ల గుట్టలు, పొడి గాలి. డెబ్బైల నడిమి సంవత్సరాలు. సైన్యంలో పారిశుధ్య దళంలో పనిచేసి వచ్చిన నన్ను మలేరియా మందు చల్లే దళానికి పెద్దను చేశారు. మాది మారండహళ్ళి, ఇంట్లో తెలుగే. అందుకని ఈ ఊరి తెలుగు వీధి నాకు అప్పగించారు. సరంజామా పంపులు, బకెట్లు, డి.డి.టి. మూటలు. ఆజ్ఞ ఒకటే: ప్రతి ఇంటి గోడా తడవాలి.

ఆ వీధిలో మునెమ్మ మాటే మాట. ఆమె కోడలికి ఐదో నెల. రోజు విడిచి రోజు చలిజ్వరం. మాత్రలు వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. కడుపులో బిడ్డ నిలవదేమోనని వీధంతా గుసగుసలు. నాకూ అదే భయం.

మేము మందు చల్లాం. కొద్ది రోజులకే, పండుగ వస్తోందని ఆడవాళ్లు గోడలన్నీ పేడతో అలికేశారు. నాకు ఒళ్లు మండింది. మందును అలుకు కింద పూడ్చేస్తే దోమలు ఎలా చస్తాయని మునెమ్మను నిలదీశాను. ఆమె నన్ను పశువుల కొట్టంలోకి తీసుకెళ్లింది. అక్కడ గోడ మీద మందు తెల్లగా అలాగే ఉంది. దాని మీదే దోమలు హాయిగా కూర్చుని ఉన్నాయి.

"ఈ గోడ నేను అలకలేదప్పా. నీ మందు తిని ఇవి ఇంకా బలిసినాయి," అంది.

మా దళంలో దోమలు పట్టే ఉద్యోగి వాటిని గాజు గొట్టంలోకి పీల్చి, లోపల మందు పూసిన కాగితం చుట్టిన మరో గొట్టంలో కాసేపు ఉంచాడు. మరునాడు చూస్తే చాలావరకు ఎగురుతూనే ఉన్నాయి.

"వీటికి మందు అలవాటైపోయింది సార్," అన్నాడు.

సైన్యంలో ఇలాంటి కబురు వస్తే వెనక్కి తగ్గమంటారు. ఇక్కడ తగ్గడానికి చోటెక్కడ? ధర్మపురిలోని మా పై ఆఫీసుకు కబురు పంపాం. వేరే మందు వచ్చేదాకా బావుల్లో గంబూసియా చేపలు వదలమన్నారు. చిటికెన వేలంత కూడా ఉండవు, దోమ పిల్లల్ని తిని బతుకుతాయి. తాగే నీళ్లలో నీచు కలపనివ్వనని మునెమ్మ బావికి అడ్డంగా నిలబడింది. నేను అదే బావి నీళ్లు చెంబుతో తోడి ఆమె ముందు పెట్టాను. నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"నీ కోడల్ని కుట్టే దోమలు అయ్యేవి ఇవేనమ్మా," అన్నాను.

ఆమె చెంబులోకి చూసింది. గడప దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్న కోడలి వైపు చూసింది.

"వదలండి. అవి చచ్చి నీళ్లు చెడిపోతే మాత్రం నిన్ను ఊరికే విడిచేది లేదు."

చేపలు చావలేదు. తరువాత కొత్త మందు వచ్చింది, ఇంకో పండుగ వచ్చిపోయినా ఎవరూ ఆ మందు మీద గోడలు అలకలేదు. జ్వరాలు పలచబడ్డాయి. కోడలు ఆడపిల్లను కన్నది, ఇద్దరూ క్షేమం. ఆ రోజు మునెమ్మ మా దళమంతటికీ రాగిసంగటి పెట్టింది. అంత తృప్తిగా నేను ఎక్కడా తినలేదు.

పని ముగిసి మారండహళ్ళికి తిరిగి వచ్చేశాను. ఇన్నేళ్లయినా బయలుదేరిన ఉదయం మాత్రం కళ్ల ముందే ఉంది. జీపులోకి పంపులు ఎక్కిస్తున్నాం. కోడలు బిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడి ఉంది. మునెమ్మ తోడిన బిందెలో ఒక చేప వచ్చింది. ఆమె నీళ్లు పారబోయలేదు. బిందెను తాడుతో మళ్లీ బావిలోకి దింపి, చేప జారిపోయేదాకా వంగి చూసింది.

"పోమ్మా, పోయి నీ పని చూసుకో," అంది.