చప్పిడి మెతుకుల మీద అనుమానం

మా పెద్దమ్మ పోయింది. రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే పెద్దనాన్న ఫోన్ చేసి, "పెద్దమ్మ ఇగ లేదు బిడ్డా" అని పెట్టేశాడు. తగ్గిందనుకున్న గొంతు క్యాన్సర్ మళ్లీ వచ్చిందని మాకు తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు. దేన్నీ ఒక్క మాటకు నమ్మకపోవడం ఆమె దగ్గర పెరగడం వల్లే నాకు అలవాటైంది.

చదువుకోవడానికి వచ్చి నిజాంపేటలో వాళ్లింట్లోనే ఉండిపోయాను. పెద్దమ్మ ఒక అమ్మాయిల హాస్టల్లో వంట చేసేది. వాసన చూడనిదే పాలు పొయ్యి మీద పెట్టేది కాదు. ఎవరైనా మరీ తీయగా మాట్లాడితే, వాళ్లు వెళ్లాక "ఏందో కథ ఉంది" అనేది.

అలాంటి మనిషికి రేడియేషన్ మొదలుపెట్టారు. కొన్నాళ్లకే నోరంతా పుండై మంచినీళ్లు మింగడం కూడా కష్టమైంది. కారం, పులుపు, వేడివి, గట్టివి మానేసి, మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, పెసరకట్టు పెట్టమన్నారు దవాఖానలో. అలాగే చేసి పెట్టాను. ఆమె గిన్నెలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది. కాస్త తిని పక్కకు జరిపింది.

రోజురోజుకూ తిండి తగ్గింది, పుండ్లు మాత్రం పెరిగాయి. చప్పిడి తినే నోరు ఇంతగా ఎందుకు మండుతోంది? చాటుగా కారం పెడుతున్నాడేమోనని ముందు పెద్దనాన్నను అనుమానించాను, ఆమె అడిగితే ఆయన ఏదీ కాదనలేడు. ఒకరోజు తొందరగా ఇల్లు చేరేసరికి పెద్దమ్మ ఒక్కతే వంటింట్లో నిలబడి ఉంది. వేళ్లకు ఆవకాయ ఎరుపు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

ఎందుకిలా చేస్తున్నావని అడిగితే చేయి కడుక్కుంటూ చెప్పింది.

"మా అత్తకు ఆఖరి రోజులల్ల నేనే గిట్ల చప్పిడి మెతుకులు పెట్టిన. నయమైతదని అబద్ధం చెప్పిన. ఇప్పుడు మీరు నాకు పెడ్తున్రు. ఎట్లాగూ పోయేదాన్నైతే ఆవకాయ ఎందుకు మానాలె?"

మేం ఏం చెప్పినా నమ్మలేదు. తిండి ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని, చికిత్స మధ్యలో ఆగవచ్చని డాక్టరమ్మ హెచ్చరించిన రోజు, పెద్దమ్మ నన్నూ పెద్దనాన్ననూ బయటికి పొమ్మంది. ఈ చికిత్స నయం చేయడానికా, ఊరికే నాలుగు రోజులు గడపడానికా అని ఆవిడనే అడిగిందట. నయం చేయడానికేనని, పుండ్లు రేడియేషన్ వల్ల పడ్డవని, అది అయిపోయాక మెల్లగా మానుతాయని, కారం తగిలితే ఇంకా రేగుతాయని ఆవిడ చెప్పిందట.

బయటికొచ్చి, "కండ్లల్లకు చూసి చెప్పింది. జావ తెచ్చినవా?" అంది.

ఒక్క తిండితోనే అంతా తగ్గలేదు. నొప్పి మందు వేసుకుంది, ఉప్పునీళ్లు పుక్కిలించింది. కానీ ఆవకాయ ఆగాక మంట అదుపులోకి వచ్చింది, చికిత్స ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే డాక్టరమ్మ మాట మీద నాకూ అనుమానం కలుగుతుంది. కానీ ఆ రోజుకది నిజమే.

నోటి పుండ్లు మానాక చెకప్‌కు వెళ్లినప్పుడు, బయట బెంచీ మీద ఆమె ఈడు మనిషే ఒకావిడ కూతురు ఇచ్చే గ్లాసును తోసేస్తోంది. పెద్దమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"దాస్తున్రనిపిస్తే ఊకె కూసోకు అక్కా. లోపటికి పోయి అడుగు. అడిగినంక తాగు."

ఆవిడ పెద్దమ్మను పైనుంచి కిందిదాకా అనుమానంగా చూసింది. కాసేపటికి లేచింది. పెద్దమ్మ ఆవిడ చేయి పట్టుకుని డాక్టరమ్మ గది దాకా నడిపించింది. ఆ కూతురు జావ గ్లాసుతో వాళ్ల వెనకే వెళ్లి గది బయట నిలబడింది.