జుమాకదిర్ తాత నోట మంచిమాట

మా జుమాకదిర్ తాత అబద్ధమాడితే కొండమీది మంచు నల్లబడుతుంది, ఆడగుర్రాలు పాలకు బదులు టీ ఇస్తాయి, మా ముల్లాగారి గడ్డం ఊడి ఒళ్లో పడుతుంది. ఇవేవీ ఇంతవరకు జరగలేదు కాబట్టి తాత అబద్ధమాడలేదనే లెక్క.

పెళ్లికి పిలిస్తే, "పిల్ల బంగారం. పిల్లాడికి మాత్రం పనేమీ చెప్పకండి, పాడుచేస్తాడు" అని దీవించేవాడు. నేను టీ ఇస్తే ఒక్క గుక్క తాగి, "ఇందులో గొర్రెని కడిగావటే?" అనేవాడు. తాత దూరాన కనబడితే చాలు, సగం ఊరు గుడారాల్లోకి దూరిపోయేది.

అలాంటి తాత ఎసెన్‌కుల్ చావుకి బయల్దేరాడు. ఎసెన్‌కుల్ అంటే కాలవకి అడ్డుకట్ట వేసి దిగువ తోటలన్నీ ఎండగట్టిన మహానుభావుడు. తాత అతన్ని మొహంమీదే "రెండుకాళ్ల కరువు" అనేవాడు. పోయిన నెల ఆ కట్ట తెగిపోతే, వరదే తెంపిందని ఊరంతా సంబరపడింది.

మాలో శవాన్ని ఎత్తేముందు ముల్లా అందర్నీ అడుగుతాడు, ఈయన ఎలాంటి మనిషని. "మంచివాడు" అని అందరూ అనాలి. ఆ మాట పడకుండా సాగనంపితే ఇంటిల్లిపాదికీ తలవంపులు.

గుడారంలో ఎసెన్‌కుల్ కూతురు బురుల్ ఏడుపాపి మరీ నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న మంచాన పడ్డాక మీ తాత రోజూ వచ్చి పోట్లాడేవాడే! ఇప్పుడేమంటాడో!"

బయట ముల్లా అడిగాడు. మేమిద్దరం గుడారం తలుపులోంచి తొంగిచూశాం. అందరి కళ్లూ తాతమీదే.

"మంచివాడు!"

తాత అరిచిన అరుపుకి గుర్రాలు బెదిరాయి. ఆ వెనకే ఊరంతా "మంచివాడు, మంచివాడు" అంది. నేను కొండవైపు చూశాను. మంచు తెల్లగానే ఉంది. ముల్లాగారు మాత్రం గడ్డం తడుముకున్నారు.

అందరూ వెళ్లాక బురుల్ ముందే నిలదీశాను. "తాతా, అబద్ధమాడావు కదూ!"

"నోర్ముయ్. రోజూ వెళ్లి వాడి ప్రాణం తీశాను. 'ఒరే, రేపు నీ గురించి నన్నడుగుతారు. నాకు అబద్ధం రాదు. పోయేలోగా ఒక్క మంచిపని చెయ్యరా నాయనా' అని. నా పోరు పడలేక పార పట్టాడు. కట్ట తెంచింది వాడే. వాడు పడిపోకుండా నేను వాడి నడుం పట్టుకు నిలబడ్డాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు, సిగ్గట. ఇప్పుడిక వాడికి సిగ్గేమిటి!"

"అందుకా ఆ రోజు నాన్న బూట్లనిండా బురద!" అంటూ బురుల్ కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

నేను టీ పోసి తాత చేతికిచ్చాను. "మరి రేపు నీ గురించి అడిగితే ఏం చెప్పమంటావు?"

తాత ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"నా సంగతలా ఉంచు. టీ ఇలాగే పెడితే, నీ గురించి నన్నడక్కుండా చూసుకో."