కడిగిన బండ

అమీర్‌పేట పాత కూరగాయల మార్కెట్లో మా బండ మీద మొదట కూర్చున్నది మా అత్త. అప్పట్లో మధురానగర్ వైపు ఇన్ని హాస్టళ్లు లేవు, తోటలుండేవి. అక్కడ చీకటితోనే తోటకూర, పాలకూర కోసి, గంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేదట. ఆమె తర్వాత మా ఆయన, ఆయన పక్కన నేను. కూర్చుని కూర్చుని ఆ బండ నడుమ పల్లం పడింది. నీళ్లు పోస్తే అక్కడే నిలిచేవి. ఈ మార్కెట్ ఎప్పుడు పెట్టారో ఏ కాగితంలో ఉందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ పల్లమే.

మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున రాగానే ఎవరి బండ వాళ్లు కడుక్కోవాలి, ఆ తర్వాతే గంప దించాలి. ఎవరింట్లోనైనా చావు జరిగితే, వాళ్లు తిరిగి వచ్చేదాకా పక్కవాళ్లు ఆ బండ కడుగుతారు. బండ ఎండిపోయి ఉందంటే ఆ మనిషి ఇక రాదని అర్థం. మా ఆయన పోయినప్పుడు నా బండ నిమ్మకాయలామె కడిగింది. నా కుడిపక్కన ఎన్నో ఏళ్లుగా నిమ్మకాయలు, మిరపకాయలు అమ్ముతోంది.

ఆ పదకొండు రోజులూ నేను ఇల్లు కదల్లేదు. చివరి రోజున మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక సారు మార్కెట్‌కు వచ్చాడు. పాతది కూల్చి కొత్తది కడతారట. బండ బండకూ సుద్దతో అంకె వేశాడు. అంకె ఉన్నవాళ్లకే కొత్తదాంట్లో చోటు, రేపు వచ్చి పేర్లు రాసుకుంటానన్నాడు. నేను లేకపోయినా నిమ్మకాయలామె కొట్లాడి నా బండకూ అంకె వేయించింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ముందు నా బండే కడిగింది. చీపురుతో రుద్ది మరీ కడిగింది. తన బండ మీద నీళ్లు పోద్దామని చెంబు ఎత్తాక సుద్ద గీత కనపడి చెయ్యి ఆపింది. అప్పటికే నా బండ మీది అంకె పోయింది.

నేను ఆ పొద్దునే, బొట్టు లేని మొహంతో మొదటిసారి మార్కెట్‌కు వచ్చాను. ఆమె తడి చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"వదినె, నా చేతులిరగ. నీ నంబర్ కడిగేసిన."

"నువ్వేం జేస్తవ్. కడుగుడు మన పద్ధతే గద."

"నా దాన్ల సగం కూసో. నేనేమన్న ఏనుగునా, గంత జాగ నాకెందుకు?"

నాకు నవ్వు రాలేదు. ఆ చోటు పోతే నాకు వేరే బతుకు లేదు. చదువు రాదు, కుట్టుపని రాదు. ఆయన పోయాక మిగిలింది ఆ బండ ఒక్కటే.

సారు వచ్చాడు. నా బండ చూసి దాటిపోబోయాడు.

"గిది సుత రాయున్రి సార్," అంది నిమ్మకాయలామె.

"నంబర్ లేదు కదమ్మా. ఖాళీ బండ."

"నిన్న మీరే ఏసిన్రు. నేనే కడిగిన."

"అందరూ ఇట్లనే చెప్తరు."

ఆమెకూ చదువు రాదు గానీ అంకెలు వచ్చు. "అటు ఉల్లిగడ్డల భాయ్‌ది నలభై ఒకటి. ఇటు నాది నలభై మూడు. మరి నలభై రెండు యాడికి పాయె సార్? మీ జేబుల ఉన్నదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సారు నవ్వలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. వంగి అంకె వేయబోతే తడి బండకు సుద్ద పట్టలేదు. ఆమె కొంగుతో ఒత్తి ఒత్తి తుడిచింది. అప్పుడు వేశాడు. పేరేంటని అడిగాడు. అంతవరకు ఆ బండను అందరూ మా ఆయన పేరుతోనే చెప్పేవాళ్లు. నేను నా పేరు చెప్పాను.

పాత బండల్ని మిషన్ పెట్టి పగలగొట్టారు. ముక్కలు ఎత్తుకుని లారీలు పంజాగుట్ట వైపు పోయాయి. వాటిలో నాది ఏదో నేను చూడలేదు. కొత్తదాంట్లో ఎవరి అంకె వాళ్లకే ఇచ్చారు. అరుగులకు నున్నటి టైల్స్ వేశారు, వాటిమీద నీళ్లు నిలవవు. అంకెలు రంగుతో రాశారు.

పోయిన నెల నిమ్మకాయలామె ఇంటాయన పోయాడు. ఆమె వచ్చేదాకా రోజూ ఆ అరుగు నేనే కడిగాను. రంగు ఎంత రుద్దినా పోదని తెలుసు. అయినా నలభై మూడు దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కన పెట్టి, దాని చుట్టూ చేత్తో తుడిచేదాన్ని.