టెక్సాస్‌కే నా తీర్పు

కుదిరిన పెళ్లిని తాంబూలాల పూట తలకిందులు చెయ్యడానికి శత్రువులు అక్కర్లేదు. నాలాంటి పెద్దమనిషి ఒక్కడుంటే చాలు. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే కాస్త నిటారుగా కూర్చుని నవ్వండి. మా వంశం సంగతి కదా.

తిరువూరులో మా ఇంటికి గేటు ఉంది, ప్రహరీ లేదు. గోడ కూలి చాలా కాలమైంది. అయినా వచ్చేవాళ్లు గేటు తీసుకునే రావాలని నా నియమం. మేకలు తప్ప అందరూ పాటిస్తారు. ఒకప్పుడు మా తాతగారు అరుగు మీద కుర్చీ వేసుకుని చుట్టుపక్కల ఊళ్ల తగాదాలు తీర్చేవారు. ఒకసారి చెప్పిన మాటను ఆయన ఎన్నడూ మార్చలేదు. నా వంతు వచ్చేసరికి కుర్చీ మిగిలింది, తగాదాలు పోలీసు స్టేషనుకు వెళ్లిపోయాయి. నలభై కూడా నిండని నేను ఆ కుర్చీలో కూర్చుని, ఎవరైనా ఏదైనా అడగకపోతారా అని, రాని బస్సు కోసం చూసినట్టు రోడ్డు వైపు చూసేవాడిని.

ఒక సాయంత్రం నూనె మిల్లు కామేశ్వరరావు గారు గేటు తీసుకుని వచ్చారు.

"బాబుగారూ, మా శ్రావణికి రెండు సంబంధాలు వచ్చాయండి. ఇద్దరూ బుద్ధిమంతులే, ఉద్యోగాలూ ఒకలాంటివే. ఒకబ్బాయి టెక్సాస్, ఇంకో అబ్బాయి న్యూజెర్సీ. పిల్ల ఎక్కడ సుఖపడుతుందో మీరొక మాట చెబితే, ఆ ప్రకారం పోతాం."

'నాకు తెలియదు' అనడానికి మా వంశంలో ఎవరికీ నోరు తిరగదు. అప్పటికి నేను చూసిన పరాయి రాష్ట్రం తెలంగాణ ఒక్కటే. అదీ సత్తుపల్లి దాకా.

"రెండు రోజులు ఆగండి" అన్నాను.

ఆ రెండు రోజులూ నాకు కుర్చీలో కుదురు లేదు. ఫోన్లో వీడియో చూడటం, లేచి అరుగు ఆ చివరికి నడవడం, వచ్చి మళ్లీ చూడటం. కాఫీ గ్లాసుతో నా వెనకే తిరిగి తిరిగి మా ఆవిడ విసిగిపోయింది.

"పెళ్లి వాళ్లమ్మాయిది. కాలు కాలిన పిల్లిలా మీరెందుకండీ తిరగడం?"

మూడో రోజు తీర్పు చెప్పాను. "టెక్సాస్. తిరువూరు ఎండలో పెరిగిన పిల్లకు అక్కడి ఎండ పుట్టింటి చుట్టంలా ఉంటుంది. ఇళ్లు పెద్దవి. పెరట్లో గోంగూర వేసుకోవచ్చు."

కామేశ్వరరావు గారు చేతులు జోడించి వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి టెక్సాస్ అబ్బాయితో తాంబూలాలు. అబ్బాయి తండ్రి విస్సన్నపేటలో మామిడి వ్యాపారి. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను కూర్చుని ఊరుకుంటే ఈ కథ లేదు.

"ఈ సంబంధం తేల్చింది మా బాబుగారే" అన్నారు కామేశ్వరరావు గారు, తాంబూలం పళ్లెం చేతిలోకి తీసుకుంటూ.

అంతే, లేచాను. "మరేమనుకున్నారు? న్యూజెర్సీ ఒక ఊరేనా అండీ? మంచు పడితే తలుపు తియ్యడానికి పార కావాలి. ఇల్లు చూస్తే అగ్గిపెట్టె, దానికి కట్టే పన్ను చూస్తే కోట. పగవాడి పిల్లనైనా అక్కడికి ఇవ్వను."

అబ్బాయి తండ్రి గొంతు సవరించుకున్నారు.

"మావాడికి ఉద్యోగం మారిందండి. వచ్చే నెల న్యూజెర్సీ వెళ్తున్నాడు. నిన్ననే తెలిసింది, ఇక్కడ చెబుదామనే అనుకుంటున్నా."

కామేశ్వరరావు గారి చేతిలో పళ్లెం సగం దూరంలో ఆగింది. ఆయన భార్య గుసగుసగా అన్న మాట హాలంతా వినిపించింది. "ఆ రెండో అబ్బాయి టెక్సాస్ మారాడంట. ఇంకా పెళ్లి కుదరలేదంట."

పళ్లెం మెల్లగా వెనక్కి రావడం మొదలైంది.

నాలుగు తరాలుగా మేం ఒకే అరుగు మీద ఉన్నాం. రాష్ట్రమంటే మనిషికి ఇంటిపేరులా అతుక్కుని ఉంటుందనుకున్నాను. అక్కడివాళ్లు అద్దె ఇల్లు మారినట్టు రాష్ట్రాలు మారతారని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

శ్రావణి మంచినీళ్ల గ్లాసు ఇచ్చే వంకతో నా దగ్గరికి వచ్చింది. "అంకుల్, నెల రోజులుగా మాట్లాడుకుంటున్నాం. నాకు ఈ అబ్బాయే కావాలి. మీరే చెడగొట్టారు, మీరే బాగుచెయ్యండి."

తిరువూరు మొత్తంలో నన్ను బాబుగారూ అనకుండా అంకుల్ అనేది ఆ పిల్ల ఒక్కతే. తాతగారి నుంచి వచ్చిన నా వెన్నెముక ఆ పూట వంగిన చప్పుడు విస్సన్నపేట దాకా వినిపించే ఉంటుంది.

"నేను ఇంకా పూర్తి చెయ్యలేదు" అన్నాను. "మంచు పడితే పడనివ్వండి, ఇంట్లో హీటర్ ఉంటుంది. న్యూజెర్సీలో వీధికొక తెలుగు కుటుంబం. ఎక్కడానికి రైలుంది. టెక్సాస్‌లో పాల ప్యాకెట్టుకు కూడా కారు తియ్యాలి. ఇక ఎండంటారా, దాని కోసం అంత దూరం దేనికి? తిరువూరులో లేదా?"

"మరి ఇందాక పగవాడి పిల్లను కూడా ఇవ్వనన్నారు?" అన్నారు అబ్బాయి తండ్రి.

"ఇప్పుడూ అదే అంటున్నా. పగవాడి పిల్లను ఇవ్వను. మన పిల్లనే ఇస్తాను. అంత మంచి చోటు పగవాడికెందుకు?"

ముందుగా నవ్వింది ఆయనే. ఆ నవ్వులో పళ్లెం చేతులు మారింది.

మొన్న శ్రావణి ఫోన్ చేసింది. "అంకుల్, మళ్లీ ఇల్లు మారుతున్నాం. ఈసారి టెక్సాస్. ఎలా ఉంటుందంటారు?"

నేను గొంతు సవరించుకునేలోగా మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "మీ అంకుల్ ఇంట్లో లేరమ్మా."

తాతగారి కుర్చీ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీదట ఏ రాష్ట్రం గురించీ తీర్పు చెప్పను. మా ఇంట్లోకి ఎటు నుంచి రావాలన్న ఒక్క విషయంలోనే చెబుతాను. అదీ మేకలకే.