గాజుల కొట్టు అద్దం

ఆ రోజుల్లో సినిమాలో అసూయ చూపించాలంటే మొహం మీద ఎర్ర లైటు వేస్తే చాలని నమ్మేవాణ్ణి. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాడికి (పెళ్ళికూతురి మొహాన్ని గులాబీలోంచి తేల్చడం నా ప్రత్యేకత) అంతకంటే తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలివి లేకపోవడం తప్పు కాదు. కానీ లంబూ తీసిన ఒక మంచి షాటును, మంచిదని తెలిసే కత్తిరించేశాను. అది తప్పు.

లంబూ మా దబీర్‌పురా స్టూడియోలో కెమెరామన్. గుమ్మం దాటేటప్పుడల్లా తల వంచాల్సినంత పొడుగు, అందుకే ఆ పేరు. ముహర్రం నెలలో పాతబస్తీలో పెళ్ళిళ్ళు పెట్టుకోరు. మా కెమెరాలు సంచుల్లో నిద్రపోతాయి. ఆ ఖాళీలో ఇద్దరం ఒక చిన్న సినిమా తీశాం. వేరే ఊళ్ళో ఏదో సినిమా యూనిట్‌లో కెమెరా అసిస్టెంటు పని ఉందని, చేసిన పని చూపిస్తే తీసుకుంటారని లంబూకి కబురొచ్చింది. అతని ఆశంతా దీని మీదే. కథ నాది, దర్శకత్వం నాది, వేషం కూడా నాదే (ఖర్చు తగ్గుతుందన్నాను గాని, కారణం అది కాదు). తండ్రి గాజుల కొట్టు తాళంచెవి తమ్ముడి చేతిలో పెడతాడు, అన్న (అంటే నేను) చూస్తాడు. మాటలుండవు. ఆ చూపుతోనే కథ మలుపు తిరగాలి.

చార్మినార్ దగ్గర మాకు తెలిసిన చాచా కొట్టులో షూటింగు. తండ్రి వేషం చాచాది. తమ్ముడి చెయ్యి మాత్రమే కనబడుతుంది కనక, కెమెరా వెనక నుంచే లంబూ తన పొడుగాటి చెయ్యి చాచేవాడు. మధ్యాహ్నపు ఎండ గాజుల వరసల్లోంచి వడకట్టుకుని వచ్చి గోడల మీద, చాచా గడ్డం మీద, గాలిలో తేలే దుమ్ము మీద రంగురంగులుగా కదిలేది. నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేది. ఆ వెలుగులో కూర్చుని నేను కళ్ళు పెద్దవి చేసి పళ్ళు నూరాను.

"ఏంది భాయ్, పన్ను నొస్తున్నదా?" అన్నాడు లంబూ.

"అసూయ."

"గట్లుంటదా అసూయ? నాకైతే నిన్ను దవాఖానకు తీస్కపోవాలె అనిపిస్తున్నది."

విసిగిపోయి చాయ్ తెప్పించాం. తీసినంతవరకూ కెమెరా తెర మీద చూసిన చాచా, "నా దుకాన్ గింత ఖూబ్‌సూరత్ ఉంటదా బేటా? నీ కండ్లల్ల నూర్ ఉంది, వెలుగుంది," అని లంబూ భుజం తట్టాడు. నావైపు చూడలేదు. నా చాయ్ చల్లారిపోయింది.

స్టూడియోకి వచ్చి చూస్తే, ఆ తర్వాత లంబూ నాకు చెప్పకుండా కెమెరా మళ్ళీ నడిపాడని తెలిసింది. ముందు చాచా చేతిలో తాళంచెవి. వెనక గోడకున్న అద్దం మసకగా. మెల్లగా తాళంచెవి మసకబారి, అద్దం తేటపడింది. అందులో ఓ మూల చిన్నగా నేను. మొహంలో ఏమీ లేదు. నా బొటనవేలు మాత్రం ఒక గాజును తిప్పుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది.

"గిదే మన మలుపు. నువ్వు యాక్టింగ్ బంజేసినంక వచ్చింది. ఏం ఆలోచించినవ్ భాయ్ అప్పుడు?"

"ఆకలి," అన్నాను.

అద్దంలో ఉన్నవాడు ఎవర్ని చూస్తున్నాడో నాకు తెలుసు. అందుకే లంబూ లేనప్పుడు ఆ షాటు తీసేసి, పళ్ళు నూరిన షాటు పెట్టి, రెండు కళ్ళలోనూ మంటలు పెట్టాను (దీపావళి శుభాకాంక్షల వీడియో కోసం దాచుకున్న మంటలు). స్టూడియోలో అందరికీ వేసి చూపిస్తే, చాచా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. లంబూ నవ్వలేదు.

"నా షాట్ ఏమైంది?"

"వెలుగు చాలలేదు."

"సరే. డైరెక్టర్‌వి నువ్వు," అని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. "రేపు గిదే చూపిస్త."

కోప్పడి ఉంటే ఆ మంటలు అలాగే ఉండేవేమో. ఆ 'సరే' నన్ను ఇంటికి పోనివ్వలేదు. మంటలు ఆర్పేసి, అద్దాన్ని దాని చోట పెట్టి, పొద్దున్నే స్టేషనుకు పరిగెత్తాను. ప్లాట్‌ఫాం మీద లంబూ అందరికంటే ఎత్తుగా కనబడ్డాడు. కొత్త పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "అది ఆకలి కాదు. నీ మీద ఏడ్చాను," అన్నాను.

"తెల్సు భాయ్. కెమెరాల కనవడ్డది గద," అని తల వంచి రైలెక్కాడు.

ఆ పని అతనికి దొరికింది. నేనింకా పెళ్ళి వీడియోలే చేస్తున్నాను, గులాబీ మాత్రం మానేశాను. లంబూ పనిచేసిన సినిమా వస్తే మొదటి రోజే టికెట్లు కొంటాను. హాలు చీకటిలో అతని వెలుగు తెర మీద మెల్లగా పరుచుకుంటుంటే, నా బొటనవేలు పక్క సీటులో మా ఆవిడ గాజును తిప్పుతూ ఉంటుంది.

"మళ్ళీ ఆకలా?" అంటుంది ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.