ఊరికే కూర్చున్న ప్లగ్గు

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రైలెక్కడానికి వెళ్లేవాళ్లను మా తాత తన పాత మోటారు కారులో దించి వచ్చేవాడు. ఇంజను ముసలిది, నూనె తెగ తాగేది, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులకు ఇట్టే మసి పట్టేది. వారం వారం తాత వాటిని విప్పి అరుగు మీద పెడితే, మా మేనత్త కిరసనాయిలుతో తుడిచి ఆరబెట్టి ఇచ్చేది. మద్నూరులో అత్తగారింట దెబ్బలు పడలేక మా ఇంటికి వచ్చేసిన మనిషి ఆమె. నాకు ఆమె అంటే ప్రాణం.

మా పెద్దనాయనకు మాత్రం కంట్లో నలుసు. ఒక పొద్దున కారు కడుగుతూ, "ఊకె కూసోని తింటున్నది బాపూ, మళ్ల మద్నూరుకే తోలుదాం" అన్నాడు.

తాత కోప్పడలేదు. ఆ రోజు ఇంజను దగ్గుతోంది. అది నడుస్తుండగానే చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, ప్లగ్గుల మీది తీగలను ఒక్కొక్కటే పీకి మళ్లీ తగిలించాడు. తీగ పీకినప్పుడల్లా ఇంజను తడబడింది. చివరిది పీకితే మాత్రం చప్పుడు ఏమీ మారలేదు.

"గిదిరా, ఊకె కూసున్నది" అన్నాడు తాత. విప్పి చూస్తే ప్లగ్గు కొస అరిగిపోయి ఉంది. కొత్తది బిగిస్తూ, "నీ చెల్లెను గూడ గిట్లనే సూద్దాం. తాడ్వాయిల మా అక్క ఇంటికి పంపుత. ఇంట్ల సప్పుడు మారకపోతే నీ ఇష్టం" అన్నాడు.

ఆమె బండెక్కుతుంటే నేను ఏడ్చాను. తాత మీద అంత కోపం నాకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

మర్నాడే బర్రె పాలివ్వక తన్నింది. నాయనమ్మ అలిగి అన్నం ముట్టలేదు. పెద్దనాయన పిల్లలే "అత్త ఏది?" అని రాగాలు తీశారు. వారం తిరిగేసరికి, తుడిచే దిక్కులేని ప్లగ్గులతో పెద్దనాయన తోలుతున్న కారు దారిలో మొరాయించింది. రైలు తప్పిపోయిన వాళ్లు ఆయనను నడిరోడ్డు మీద దులిపేశారు.

ఆయన చేతులు నల్లగా చేసుకుని ప్లగ్గులు తానే తుడుచుకుని, ఇంటికి రాకుండా నేరుగా తాడ్వాయి వెళ్లాడు. చెల్లెలిని ముందు సీటులో కూర్చోబెట్టుకుని వచ్చాడు. మద్నూరు ఊసు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు కోడళ్లు, మనవరాళ్లు. వాళ్ల మొగుళ్లెవరైనా "ఇది రోజంతా ఏం చేస్తది?" అంటే నేను వాదనకు దిగను. "సరే, వారం రోజులు పుట్టింటికి పంపి చూద్దాం" అంటాను. ఇంతవరకు ఒక్కడూ ఒప్పుకోలేదు.